గోడలు నిలిచినంత కాలం

పెరటి ఇల్లు,
మార్చి 4

అక్కకి,

అందరం బాగున్నామని ముందు రాయమని నీ మరదలు నా భుజం మీంచి తొంగిచూస్తూ చెబుతోంది. సరే, బాగున్నాం. నాకు దగ్గు తగ్గింది, తనకి నా మీద కోపం తగ్గలేదు. ఇక అసలు సంగతి.

ఆగస్టులో నీ ఉద్యోగం అయిపోతుంది కదా. ముప్ఫై రెండేళ్ళు ఆస్పత్రి దుప్పట్లు కుట్టి, ఇస్త్రీ చేసి, ఆ మోకాళ్ళు అక్కడే పారేసుకున్నావు. ఇక చాలు, వచ్చెయ్. మేడ మీద గదికి ఎక్కలేవని నాకు తెలుసు. అందుకే కింద, వెనక వైపు నీకో గది వేస్తున్నాను. వద్దనకు. అన్నా వినను. పనివాళ్ళెవరూ అక్కర్లేదు, నేనొక్కణ్ణే చాలు.

ఇంకో మాట. గడియారాల తాత కూతురు, మన టీచరమ్మ, నిన్న పెరట్లోకి వచ్చి చాలాసేపు నిలబడింది. వాళ్ళాయనకి ఒంట్లో బాగాలేదు. ముందున్న కొట్టూ, వెనక మన ఇల్లున్న స్థలమూ కలిపి అమ్మేద్దామనుకుంటోంది. "స్థలం అమ్మినా మీ ఇల్లు మీదేలే. మా నాన్నా మీ నాన్నా ఏదో రాసుకున్నారుగా. కొనేవాళ్ళు ఆ కాగితం చూపించమంటున్నారు, మా కాపీ ఎక్కడుందో కనపడటం లేదు" అంది. మనకి చిన్నప్పట్నుంచీ తెలిసింది ఒకటే ముక్క: స్థలం వాళ్ళది, ఇల్లు మనది. అమ్మ పోయాక ఆ కాగితం నీ పెట్టెలోకి వెళ్ళిందని గుర్తు. వెతికి పంపించు.

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి, మూడో అంతస్తు,
మార్చి 15

తమ్ముడూ,

నీ ఉత్తరం చదవడానికి రెండు రోజులు పట్టింది. గోడ అంత తిన్నగా కడతావు కదరా, అక్షరాలేమిటి ఇలా పడుకుంటాయి?

గది వద్దనను. రోజూ ఈ మెట్లు ఎక్కుతూ రెండో అంతస్తు దగ్గర ఆగిపోయి, మూడో అంతస్తులో కాపురం పెట్టే బుద్ధిలేనివాళ్ళు ఎవరా అనుకుంటాను. కాసేపటికి గుర్తొస్తుంది, అది నేనే. ఉద్యోగం మానేశాక ఏం చేస్తావని హెడ్ నర్సు అడిగింది. తమ్ముడింట్లో కూర్చుని మరదలికి పనులు పురమాయిస్తానన్నాను. ఆవిడ నిజమనుకుంది. మరదలితో చెప్పు, తను మాత్రం అలా అనుకోవద్దని.

కాగితం నా పెట్టె అడుగునే ఉండాలి. తాళంచెవి ఎక్కడ పెట్టానో తెలియడం లేదు. దొరకగానే పంపిస్తాను. ఇల్లు మనదేనని అందులో రాసుంది, నాకు బాగా గుర్తు. టీచరమ్మకి ఆ మాట చెప్పు, చాలు.

అక్క


పెరటి ఇల్లు,
ఏప్రిల్ 2

అక్కా,

పని మొదలుపెట్టాను. నీ గదికి వెళ్ళడానికి వెనక గోడకి గుమ్మం కొట్టాను. కాస్త చెమ్మ కనపడింది, పైపైన మరమ్మతు చేస్తున్నాను. పెద్ద విషయమేం కాదు.

నిన్న సిమెంటు కొట్టు దగ్గర ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి "నువ్వు గట్టి మేస్త్రీ కొడుకువి కదూ" అన్నాడు. నాకు యాభై రెండేళ్ళక్కా. ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళు నా చేతి మీదుగా లేచాయి. ఇంకా నేను గట్టి మేస్త్రీ కొడుకునే. అవునండీ అని నవ్వి, బస్తా భుజాన వేసుకుని వచ్చేశాను.

తాళంచెవి దొరికిందా? టీచరమ్మ మళ్ళీ అడిగింది. పాపం, మొహమాటపడుతూనే అడుగుతుంది.

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి,
ఏప్రిల్ 20

తమ్ముడూ,

చెమ్మ అంటే ఎంత చెమ్మ? గుమ్మం కావాలంటే కొట్టుకో, సున్నం వెయ్యాలంటే వేసుకో. నాన్న గోడల్ని మాత్రం ఎక్కువ కెలక్కు. గోడ గోడలానే ఉండనీ. ఎందుకని అడక్కు, నా మాట విను. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి మన ఇల్లు మనకి తెలిసిన ఇల్లులాగే ఉండాలి.

కాగితం పోస్టులో పంపడానికి నాకు భయంగా ఉంది. దారిలో పోతే ఇంకొకటి పుట్టదు. ఆగస్టులో వచ్చేటప్పుడు చేత్తో పట్టుకొస్తాను. టీచరమ్మని నాలుగు నెలలు ఆగమను. కాగితం రాసుకున్నాక ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆగినవాళ్ళు నాలుగు నెలలు ఆగలేరా?

అక్క


పెరటి ఇల్లు,
జూన్ 9

అక్కా,

ఇంక దాచలేను. నువ్వొచ్చి చూసి నోరెళ్ళబెట్టాలని అనుకున్నాను గానీ, నేను రాయకపోతే తనే రాసేస్తానని నీ మరదలు బెదిరిస్తోంది.

ఇంటికి మూడు గోడలు కొత్తవి కట్టేశాను. వెనకదీ, రెండు పక్కలవీ. కప్పు కింద వరసగా కర్రలు నిలబెట్టి, బరువంతా వాటి మీదికి ఎక్కించి, ఒక గోడ విప్పడం, అది కట్టాక ఇంకోటి విప్పడం. తొందర పెట్టలేదు. ఇన్నాళ్ళలో ఇంట్లో పొయ్యి ఒక్క పూట కూడా ఆగలేదు. నీ మరదలు కర్రల మధ్య నుంచి దూరి వెళ్ళి వంట చేసి, కర్రల మధ్య నుంచి దూరి వచ్చి నన్ను తిట్టేది. వీధి వైపు గోడ ఒక్కటే మిగిలింది. ఈ వారంలో అదీ విప్పేస్తాను.

నువ్వు కెలక్కు అన్నావు. కెలకలేదు, మొత్తం తీసేశాను. కోప్పడకు. వచ్చి చూశాక నువ్వే ఊరుకుంటావు. ఇంత శ్రద్ధగా నేను ఎవరికీ కట్టలేదు.

నీ తమ్ముడు


ఆస్పత్రి దుప్పట్ల గది,
జూన్ 17

తమ్ముడూ,

ఈ ఉత్తరం చేతికి రాగానే తాపీ కింద పెట్టు. ఆ నాలుగో గోడ ముట్టుకోకు.

ఆస్పత్రి ఫోన్ నుంచి సిమెంటు కొట్టుకి మూడుసార్లు చేయించాను. ఎవరూ ఎత్తలేదు. కాగితం నా ముందే ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "నా స్నేహితుడు తన చేతులతో కట్టిన గోడలు నిలిచినంత కాలం ఆ ఇల్లు అతని కుటుంబానిది. స్థలం ఎవరి చేతికి మారినా ఆ ఇంటిని కదిలించడానికి వీల్లేదు. ఆ గోడలు కూలినా, కూల్చినా, స్థలమూ దాని మీద ఉన్నదంతా స్థలం గలవారిది."

అలా రాయమన్నది నాన్నేనట. గడియారాల తాత యాభై ఏళ్ళని రాయబోతే, "యాభై ఏళ్ళేమిటి, నా గోడలు నిలిచినంత కాలమని రాయి, నీ మనవల మనవలు కూడా వాటిని చూస్తారు" అన్నాడట. అమ్మ చెప్పింది. ఇద్దరూ పగలబడి నవ్వుకుని సంతకాలు చేశారట.

మా వార్డులో పడుకున్న లాయరు ఒకాయన్ని అడిగాను. నాన్న కట్టిన గోడ ఒక్కటి నిలిచి ఉన్నా వాదించుకోవచ్చునన్నాడు. ఒక్కటి చాలు. దాన్ని అలా ఉండనివ్వరా.

అక్క


పెరటి ఇల్లు,
జూన్ 26

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి వీధి వైపు కొత్త గోడ నా నడుం ఎత్తు లేచింది. పాతది అంతకు వారం ముందే విప్పేశాను. ఆ ముక్కలు బండెక్కి ఎక్కడో గుంత పూడ్చడానికి పోయాయి. ఒక్క ఇటుక కూడా మిగల్లేదు.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది చెబుతాను. ఏప్రిల్లో గుమ్మం కొట్టినప్పుడు గోడలోంచి మట్టి జారింది. ఆపితే ఆగలేదు, బుట్టలు బుట్టలుగా జారింది. బయటికి ఒక వరస ఇటుక, లోపలికి ఒక వరస ఇటుక, మధ్యలో పగిలిన పెంకులూ, మట్టీ, ఎక్కడెక్కడి పనుల్లోనో మిగిలిన చెత్త. నాలుగు గోడలూ తట్టి చూశాను. నాలుగూ అంతే. మన గట్టి మేస్త్రీ పగలంతా ఊరి వాళ్ళ ఇళ్ళకి మంచి ఇటుక పేర్చి, సాయంత్రం వచ్చి మనకి దొరికినదానితో కట్టుకున్నాడు. ముందు సిగ్గేసింది. తర్వాత కూర్చుని ఏడ్చాను. పెద్ద వాన రెండు రోజులు పడితే ఆ గోడ ఉండేది కాదు. దాని పక్కన నిన్నెలా పడుకోబెడతాను? ఎవరికీ తెలియకుండా, నీక్కూడా తెలియకుండా మార్చేస్తే ఆయన పేరు ఆయనకి ఉంటుంది, ఇల్లు మనకి ఉంటుందనుకున్నాను.

టీచరమ్మకి వాళ్ళ కాపీ దొరికింది. వాళ్ళ నాన్న కొట్లోని పెద్ద గడియారం పెట్టె లోపల మడిచి ఉందట. కొనేవాళ్ళ లాయరు చదివి, నోటీసు ఇమ్మన్నాడట. తనే పట్టుకొచ్చి నా చేతికిచ్చింది. "మా ఆయన మందులకే అమ్ముతున్నాను, నన్ను తిట్టుకోకు" అంది. తిట్టలేదు. మంచినీళ్ళిచ్చి పంపించాను.

ఆవిడ కాపీ నేనూ చదివాను. అందులో నువ్వు రాయని ముక్క ఒకటుంది. "అతని తర్వాత అతని పిల్లలిద్దరిదీ, సమానంగా." అందుకేనా నువ్వు తాళంచెవి పారేసుకున్నది?

నీ తమ్ముడు


ఆస్పత్రి వెనక వీధి,
జులై 5

తమ్ముడూ,

ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇల్లు.

నాకూ నోటీసు వచ్చింది, కోర్టు పంపే అధికారి వచ్చి ఇల్లు చూసి విచారణ చేస్తాడట. మోకాలు వాచిపోయి మంచం దిగలేకపోతున్నాను, విచారణకి రాలేను. నా తరఫున కూడా నువ్వే మాట్లాడతావని రాసి సంతకం పెట్టి పంపాను. నువ్వు పెట్టుకున్న లాయరు నాకూ రాశాడు, ఆయన నిన్ను చెప్పమన్నది సరిగ్గా ఉంది: "ఇవి మా నాన్న గోడలే, నేను మరమ్మతు చేశాను." అంతే చెప్పు. అబద్ధం అనుకోకు. పునాది నాన్నదే కదా. ఆ ఒక్క మాట అనేసి, నోరు మూసుకుని ఇంట్లోకి వచ్చెయ్.

ఈ గది ఆగస్టు ఆఖరుకి ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకి ఎప్పుడో చెప్పేశాను. వాళ్ళు వేరేవాళ్ళకి మాటిచ్చేశారు. నాకు నువ్వు కట్టిన గది తప్ప ఇంకోటి లేదు.

అక్క


పెరటి ఇల్లు,
జులై 28

అక్కా,

విచారణ అయిపోయింది. ఇల్లు పోయింది. నా నోటితోనే పోయింది. ఎలా జరిగిందో రాస్తాను.

అధికారి పొద్దున్నే ఇంటికే వచ్చాడు, రాసుకునే మనిషి ఒకడు వెంట ఉన్నాడు. మా లాయరు మరమ్మతులని ఒక పావుగంట చెప్పాడు. టీచరమ్మ కుళాయి దగ్గర నిలబడింది. నాలుగు నెలలుగా ఇటుకల బండ్లు ఆవిడ కిటికీ ముందు నుంచే కదా వచ్చాయి. అయినా ఒక్క మాట అనలేదు, నేల చూస్తూ నిలబడింది. నేను అబద్ధమాడితే ఆవిడ ఊరుకునేదే.

అధికారి ఇల్లు చుట్టి వచ్చి, వెనక గోడ దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి, గోడ వెంట చూపు సారించాడు. అరచేయి ఆనించి మెల్లగా ఆ చివరి దాకా నడిచాడు. "మా నాన్న తాపీ పని చేసేవాడు. ఇలాంటి పని చూసి చాలా ఏళ్ళయింది. ఇది మీ నాన్నగారి చేతి పనేనా?" అన్నాడు.

లాయరు నా వంక చూశాడు. అవునండీ అనాలి. నోరు తెరిచాను కూడా.

"కాదండీ. నాది" అన్నాను.

లాయరు దగ్గాడు. అధికారి కళ్ళజోడు పెట్టుకుని "ఏ గోడ?" అన్నాడు. "నాలుగూ. పునాది మీంచి కప్పు దాకా. ఒక్కణ్ణే కట్టాను" అన్నాను. అడగనిది కూడా చెప్పానక్కా. పక్క మనిషి రాసుకుంటుంటే, తప్పు రాస్తాడేమోనని ఇంకోసారి చెప్పాను.

నీ మరదలు దీన్ని నిజాయితీ అనుకుంటోంది. గోడకి ఆనుకుని ఏడుస్తూ కూడా నన్నేమీ అనడం లేదు. తనకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. అది నిజాయితీ కాదు. ముప్ఫై ఏళ్ళుగా నా పని మీద చెయ్యి వేసి బాగుందన్నవాడు లేడు. ఒకడు అన్నాడు. ఆ ఒక్క మాట కూడా నాన్నకే పోతుంటే ఇవ్వలేకపోయాను. పెంకులూ మట్టీ పోసి కట్టినాయనకి ఇవ్వలేకపోయాను. నువ్వు ఆ గదిలోకి రావాలన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు లేదు.

అక్టోబరు ఆఖరుకి ఖాళీ చెయ్యమన్నారు.

నీ తమ్ముడు


ఆస్పత్రి వంటమనిషి గది,
సెప్టెంబరు 12

తమ్ముడూ,

నీ ఉత్తరానికి ఆరు వారాలు జవాబు రాయలేదు. మోకాలు నొప్పని మరదలికి చెప్పి ఉంటావు. నొప్పి మోకాలికి కాదు. నీ చేతి అక్షరాలున్న కవరు చూస్తేనే ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. తగ్గిందని రాస్తే అది అబద్ధం, నీకు అబద్ధాలు పడవు కదా.

నా తరఫున మాట్లాడమని సంతకం పెట్టి ఇచ్చాను. నువ్వు నీ తరఫున మాట్లాడుకున్నావు.

ఇప్పుడు వంటమనిషి గదిలో నాకు సగం ఇచ్చారు. మంచిది, గురక మాత్రం ఆగదు. నా పెట్టె తన మంచం కింద పెట్టుకోనిచ్చింది. ఎన్నాళ్ళుండనిస్తుందో అడగలేదు.

నువ్వడిగిందానికి జవాబు రాయాలి. తాళంచెవి ఎప్పుడూ పోలేదు. నా మెడలో తాడుకే ఉంది. పిల్లలిద్దరిదీ సమానంగా అన్న ముక్క నీ పెళ్ళి నాటికే నాకు తెలుసు. అమ్మ చదివి వినిపించి, "సగం నీది, ఎప్పుడు కావాలన్నా వచ్చి అడుగు" అంది. అడగకూడదని అప్పుడే అనుకున్నాను. మరదలు కొత్తగా వచ్చింది. ఆ ఇంట్లో సగం ఆడపడుచుదని తెలిస్తే, నేను వచ్చినప్పుడల్లా తన వంటింట్లో తనే ఒదిగి నిలబడుతుంది. నాకది ఇష్టం లేదు. వస్తే అక్కలా రావాలి, భాగస్తురాలిలా కాదు. అందుకే కాగితం నీకు పంపలేదు. నువ్వు గది వేస్తానని రాసినప్పుడు ఎంత సంతోషించానో తెలుసా? నా సగం ఉందని తెలియకుండానే నన్ను రమ్మన్నావు. అది చెడగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

కాగితం పంపి ఉంటే గోడల సంగతి నీకు తెలిసేది. మట్టి జారుతోందని నువ్వు రాసి ఉంటే నేను పరిగెత్తుకొచ్చేదాన్ని. ఇద్దరం మంచితనానికి పోయాం. నా తప్పు నాకు తెలుసు, రోజూ తెలుస్తూనే ఉంది. కానీ నాలుగూ నావేనన్నది నువ్వు. అది మాత్రం నేను పంచుకోలేను.

మరదలు జాగ్రత్త.

అక్క


బేకరీ పైన అద్దె గది,
నవంబరు 8

అక్కా,

ఇక్కడికి మారి పది రోజులైంది. మెట్లు పద్దెనిమిది. నీ మరదలు ఎక్కేటప్పుడు ఏమీ అనదు, దిగేటప్పుడు నిన్ను తలుచుకుంటుంది. నిన్నిక్కడికి రమ్మని ఎలా రాయను?

మన ఇల్లు కూల్చడం మొన్న మొదలుపెట్టారు. సరుకులు దాచే గోదాము వస్తుందట. వెళ్ళొద్దని నీ మరదలు చేయి పట్టుకుంది, వినలేదు. కూల్చేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే, ఏదో ఒక పనిలో నాతో కలిసి చేసినవాళ్ళే. నన్ను చూసి మొహాలు తిప్పుకున్నారు. కానివ్వండి అన్నాను.

కప్పు దిగిపోయింది. మేడ గది పోయింది. మూడు గోడలకి చాలా కష్టపడ్డారు. మధ్యాహ్నానికి నీ గది గోడ దగ్గరికి వచ్చారు. నలుగురు వంతులేసుకుని సమ్మెటలతో కొట్టారు. పెచ్చులు లేచాయి గానీ గోడ కదల్లేదు. చొక్కాలు విప్పేసి మళ్ళీ కొట్టారు. ఒకడు చేతులు దులుపుకుని "ఇదెవడు కట్టాడ్రా బాబూ" అన్నాడు. పక్కవాడు నా వైపు కళ్ళతో చూపించాడు. సాయంత్రం దాకా కొట్టి, రేపు యంత్రం తెప్పిస్తామని వెళ్ళిపోయారు.

నేను ఎదురుగా ఇటుకల కుప్ప మీద కూర్చుని మొత్తం చూశాను. అక్కా, నాకు సంతోషమేసింది. వాళ్ళు ఒక్కో దెబ్బ కొట్టి ఆగిపోతుంటే లోపల పొంగిపోయాను. కొట్టండ్రా చూద్దాం అనుకున్నాను. నువ్వు పడుకోవాల్సిన గది. నువ్వు ఎవరి మంచం పక్కనో ఒదిగి ఉండటానికి కారణమైన గోడ. దాన్ని చూసి మురిసిపోయాను. నీ సంగతి గుర్తొచ్చేసరికి చీకటి పడింది.

మర్నాడు యంత్రం వచ్చింది. నేను వెళ్ళలేదు.

 అలా మురిసిపోయానని నీ మరదలికి చెప్పలేను. చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరూ లేరు. తిట్టు. ఉత్తరం నిండా తిట్టు. పోయినసారిలా రాయకుండా మాత్రం ఉండకు.

నీ తమ్ముడు